ఎండ రాని గదిలో దీపాల కింద తనంతట తాను పూసే మొక్కను మొదటిసారి పెంచాలంటే? (శ్రీకాకుళం)

నాగావళి గట్టు (శ్రీకాకుళం) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మేము ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఒక కింది వాటాలో అద్దెకు ఉంటున్నాం. మూడు వైపులా మేడలే. అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో కిరణాలు స్వామి పాదాలను తాకే ఉదయాలకు అమ్మను తీసుకుని వెళుతుంటాను, కానీ మా ఇంట్లోకి మాత్రం ఏ నెలలోనూ ఎండ రాదు. మేడ మీద కుండీలు పెట్టుకునే వీలు లేదు, అక్కడంతా నీళ్ళ ట్యాంకులు, బట్టల తీగలు. మొక్కలంటే నాకు ప్రాణం. ఇంతకాలం మనీప్లాంటుతో సరిపెట్టుకున్నాను.

మా పెద్దమ్మ గారి అబ్బాయి కెనడాలో, ఒంటారియోలో ఉంటాడు. అక్కడ 2018 అక్టోబరు నుంచి గంజాయి మీద నిషేధం లేదు. ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చునట. ఆ మధ్య వీడియో కాల్‌లో అన్నయ్య తన గదిలోని చిన్న గుడారం తెరిచి చూపించాడు. లోపల తెల్లటి దీపం, చిన్న ఫ్యాను, మోకాలెత్తు మొక్క. దాన్ని ఆటోఫ్లవర్ రకం అంటారట. మామూలు గంజాయి మొక్కకు రోజూ పన్నెండు గంటల చీకటి ఇస్తేనే పూతకు వస్తుందట. ఇది అలా కాదు, దీపం పద్దెనిమిది గంటలు వెలిగినా, ఇరవై గంటలు వెలిగినా, మొలిచిన మూడు నాలుగు వారాలకు తనంతట తానే మొగ్గ తొడుగుతుందట. విత్తు వేసిన దగ్గర నుంచి రెండున్నర, మూడు నెలల్లో మొక్క జీవితం పూర్తవుతుందని చెప్పాడు.

ఆ మొక్కను తాగడం, అమ్మడం నాకు అక్కరలేదు. కిటికీ కూడా లేని గదిలో ఒక మొక్క మొలిచి, పెరిగి, పూయడం చూసి నాకు నిద్ర పట్టలేదు. అందుకే అడుగుతున్నాను. కేవలం చూసుకోవడానికి అలాంటిది ఒక్క మొక్క ఇంట్లో పెంచితే మన దగ్గర నేరమా? నేరమే అయితే, అదే గుణం ఉన్న వేరే మొక్కలు మన ప్రాంతంలో ఏమున్నాయి? అమ్మ చామంతి పెట్టమంటోంది. దీపాల కింద చామంతి పూస్తుందా?

ఉన్న చోటు కూడా చెబుతాను. వంటింటి పక్కన సామాన్ల గది, ఎనిమిదడుగులకు ఆరడుగులు. అందులో అమ్మ ఆవకాయ జాడీలు, బియ్యం డబ్బాలు ఉంటాయి. వాటిని కదపకుండా నాకు మిగిలేది గోడ మూల రెండడుగుల చదరం. ఒక ప్లగ్గు ఉంది, ఫ్యాను లేదు. ఇంతకుముందు దీపాల కింద ఏమీ పెంచలేదు, మొదటి నుంచీ నేర్చుకోవాలి. కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందో కూడా తెలిస్తే నాన్నగారిని ఒప్పించగలను.

కోట కూడలి (విజయనగరం) జవాబు:

నేను న్యాయవాదిని. మీ మొదటి ప్రశ్న వరకు చెబుతాను.

నేరమే. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం, అంటే ఎన్డీపీఎస్ చట్టం, 8వ సెక్షన్‌లో గంజాయి మొక్కను సాగు చేయడాన్నే నిషేధించింది. ఎకరమా, కుండీయా అన్న తేడా అందులో లేదు. ఒక్క మొక్కయినా సాగే. 20వ సెక్షన్ కింద సాగుకు పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మీరు అద్దె ఇంట్లో ఉన్నామన్నారు కాబట్టి ఇంకొకటి. తన ఇంట్లో ఇది జరుగుతోందని తెలిసీ ఊరుకున్న యజమానికి కూడా 25వ సెక్షన్ వర్తిస్తుంది. మీ నాన్నగారికి, ఇంటి యజమానికి కూడా చుట్టుకునే వ్యవహారమిది.

గింజల్లో మత్తు లేదు కదా, అన్నయ్య కవరులో పెట్టి నాలుగు పంపితే ఏమవుతుంది అని కొందరు అడుగుతారు. విదేశాల నుంచి ఏ మొక్క విత్తనం తెప్పించుకోవాలన్నా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి కావాలి. ఉత్తరాఖండ్‌లో లైసెన్సుతో జనుము తీరుగా నార కోసం పెంచే తక్కువ మత్తు రకాల సంగతి వేరు. అది ఆ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు, మన ఇళ్ళకు వర్తించేది కాదు.

మన పక్కనే విశాఖ ఏజెన్సీలో 2021లో పోలీసులు ‘పరివర్తన’ పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు కొట్టించారు. ఆ కొండల నుంచి సరుకు మోసుకొచ్చి పట్టుబడిన పిల్లల తల్లిదండ్రులు కోర్టు వరండాల్లో ఎలా కూర్చుంటారో నేను చూస్తుంటాను. కేసు తేలేలోపు చదువు పోతుంది, ఉద్యోగం రాదు. మీరు చూసుకోవడానికే అంటున్నారు, నేను నమ్ముతున్నాను. కానీ చట్టం మొక్కను చూస్తుంది, మీ మనసును చూడదు. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి. మిగతా ప్రశ్నలకు తెలిసినవారు చెబుతారు.

గోగుపువ్వు (విజయనగరం) జవాబు:

అమ్మా, న్యాయవాది గారు చెప్పిన దాని మీద నేను కలపవలసింది లేదు. నేను జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మాది చీపురుపల్లి వైపు గోగు పండించే కుటుంబం. మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. మీ మనసును పట్టుకున్నది గంజాయి కాదు, మొక్క లోపలి గడియారం. అది మన పొలాల్లో, మన పెరళ్ళలో ఉన్న సంగతే. అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారు తొలకరి పడగానే గోగు చల్లేవారు. ఆగస్టు వచ్చేసరికి మనిషి లోపలికి వెళితే కనపడనంత ఎత్తు పెరిగేది. అక్టోబరు దగ్గర పడుతుంటే పూత. పూత సగానికి వచ్చినప్పుడు కోసి, కట్టలు కట్టి, చెరువులో నానబెట్టి నార తీస్తే అది నెల్లిమర్ల జూట్ మిల్లు వైపు బండెక్కేది. ఏదైనా ఏడు వానలు ముఖం చాటేసి విత్తడం బాగా ఆలస్యమైతే, అదే విత్తనం, అదే భూమి, నడుమెత్తు కూడా రాకుండానే పూసేసేది. నారకు పనికివచ్చేది కాదు. చిన్నప్పుడు నాకు ఇది పెద్ద వింత. ఆలస్యంగా పుట్టిన మొక్క ముందు పుట్టినదానితో పాటే ఎందుకు పూయాలి? దానికి కాలం ఎలా తెలిసింది?

రాత్రి పొడుగును బట్టి తెలిసింది. మన విజయనగరం, శ్రీకాకుళం అక్షాంశంలో జూన్‌లో పగలు పదమూడు గంటల పైచిలుకు, డిసెంబరులో పదకొండు గంటలు. తేడా రెండు గంటలే. ఆ రెండు గంటల్లోనే గోగు తన పంచాంగం చూసుకుంటుంది. రాత్రులు ఒక హద్దు దాటి పొడుగైతే, మొక్క ఎత్తు ఎంతైనా సరే, పూతకు వచ్చేస్తుంది. ఇలాంటివాటిని మేము పాఠంలో హ్రస్వదీప్తికాల మొక్కలు అని చెప్పేవాళ్ళం.

ఈ సంగతి మొదట పట్టుకున్నవారిలో ఒకరు ఫ్రాన్సు దేశపు టూర్న్వా. 1912లో ఆయన చూసింది సరిగ్గా మీ అన్నయ్య మొక్క జాతినే. చలికాలంలో అద్దాల గదిలో విత్తిన గంజాయి జాతి మొక్కలు బుడత వయసులోనే పూస్తుంటే, కారణం పగటి పొడుగు తగ్గడమేనని గ్రహించాడు. తరువాత 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు మీద దీన్ని గట్టిగా రుజువు చేశారు. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవి పొలంలో తాటిచెట్టులా పెరిగిపోతుంది కానీ పూయదు. అదే మొక్క చలికాలంలో గ్రీన్‌హౌస్‌లో పూస్తుంది. మన చేల గట్ల మీద ముళ్ళకాయలు బట్టలకు అంటుకునే మరులమాతంగి ఉంది చూశారా, 1938లో హామ్నర్, బాన్నర్ దాని మీదే ప్రయోగం చేసి, మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రినని తేల్చారు. పొడుగాటి రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే చాలు, అది రాత్రిని రాత్రిగా లెక్కలోకి తీసుకోదు, పూయదు.

మీ అమ్మగారి చామంతికి జవాబు ఇందులోనే ఉంది. చామంతి కూడా పొడుగాటి రాత్రులకే పూస్తుంది. బెంగళూరు చుట్టుపక్కల రైతులు చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు. అవి వెలిగినన్నాళ్ళు మొక్క ఆకులే వేస్తుంది, బల్బులు ఆపాక పూతకు తిరుగుతుంది. ధర ఉన్నప్పుడు పూలు కోయడానికి అదొక ఉపాయం. మీ సామాన్ల గదిలో చామంతి పెట్టి పదహారు గంటలు దీపం వేస్తే పచ్చగా పెరుగుతూనే ఉంటుంది, ఒక్క పువ్వూ పూయదు. పెరిగాక దీపం పదకొండు గంటలకు తగ్గిస్తే ఎనిమిది నుంచి పది వారాల్లో పూలు వస్తాయి. కానీ ఆ వారాలన్నీ రాత్రి చీకటి చెడకూడదు. మీ అమ్మగారు రాత్రి భోజనాల వేళ ఆవకాయ కోసం తలుపు తీసి లైటు వేస్తే మొక్కకు అది పగలే. మొదటిసారే ఇంత కట్టుదిట్టం పెట్టుకోకండి. చామంతిని రెండో ఏడాదికి ఉంచుకోండి.

ఇక ఆటోఫ్లవర్. ఆ గుణం రుడెరాలిస్ అనే పొట్టి గంజాయి రకం నుంచి వచ్చింది. 1924లో రష్యా శాస్త్రవేత్త యానిషెవ్‌స్కీ దాన్ని వేరుగా గుర్తించి వర్ణించాడు. ఆ ఉత్తరాది నేలల్లో వేసవి పగళ్ళు చాలా పొడుగు, వేసవి మాత్రం చాలా చిన్నది. రాత్రులు పెరిగే దాకా ఆగితే గింజ ముదిరేలోపే మంచు కాటేస్తుంది. అందుకని అక్కడ బతికి గింజ రాల్చినవి రాత్రి కోసం ఎదురుచూడకుండా వయసును బట్టి పూసిన మొక్కలే. అది మనిషి కల్పించిన మాయ కాదు, చలి నేర్పిన బతుకు.

అదే గుణాన్ని మన పంటల్లోకి తేవడానికి మనవాళ్ళు ఎంత శ్రమపడ్డారో తెలిస్తే మీకు ఇంకా ముచ్చట వేస్తుంది. పందిరి చిక్కుడు చూడండి. ఆషాఢంలో పెట్టినా, శ్రావణంలో పెట్టినా చలికాలం వస్తేగాని కాయదు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి సూర్యుడికి పెట్టేది ఆ కాయ దొరికే కాలం కాబట్టే. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ అర్క జయ్, అర్క విజయ్ అని రెండు పొట్టి చిక్కుడు రకాలు ఇచ్చింది. వాటికి రాత్రి పొడుగుతో పని లేదు, పందిరితోనూ పని లేదు. వరిలోనూ అంతే. పాత పొడుగు రకాలు చాలావరకు రాత్రులు పెరిగితేనే ఈనేవి. 1966లో వచ్చిన ఐఆర్-8 ఏ కాలంలో నాటినా లెక్క ప్రకారం కోతకు వచ్చేది. సంవత్సరానికి రెండు పంటలు వేయగలిగామంటే ఆ గుణం వల్ల కూడా. కాబట్టి మీరు కెనడా గుడారంలో చూసి అబ్బురపడినది మన అన్నంలోనే ఉంది.

మీకు నా సలహా పొట్టి టమాటా. మైక్రోటామ్ అనే రకం ఉంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 1989లో కుండీల అలంకరణ కోసం ఇచ్చింది. జానెడు ఎత్తు. విత్తిన మూడు నెలల లోపే ఎర్రటి పళ్ళు. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో కిటికీలు లేని గదుల్లోనే దీన్ని పెంచుతారు. మీ గదికి ఇంతకంటే తగిన మొక్క నాకు తోచడం లేదు. పగటి పొడుగుతో పని లేకుండా వయసుకు పూస్తుంది. మిరప కూడా అదే తీరు, కాకపోతే ఆలస్యం. పువ్వులే కావాలంటే బిళ్ళగన్నేరు పెట్టండి.

ఒక్క హెచ్చరిక. పగటి పొడుగుతో పని లేదంటే వెలుతురుతో పని లేదని కాదు. అది పూతకు వచ్చే వేళ గురించిన మాట. కాయ కాయడానికి ఆహారం కావాలి, ఆహారానికి వెలుతురు కావాలి. పదహారు గంటల దీపం, ఎనిమిది గంటల చీకటి పెట్టండి. ఇరవై నాలుగు గంటలూ వెలిగిస్తే త్వరగా పెరుగుతుందనుకోకండి. ఆగని వెలుతురులో టమాటా ఆకులు పసుపెక్కి పాడవుతాయి.

నాగావళి గట్టు:

గురువుగారూ, న్యాయవాది గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. గంజాయి మాట ఇక ఎత్తను. మీ జవాబు నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఆమదాలవలస పరిశోధన కేంద్రంలో గోగు రకాలు చూశారట, తలూపుతూ విన్నారు. మైక్రోటామ్ విత్తనాలు వెతుకుతున్నాను. ఎంత వెలుతురు ఉన్న దీపం కొనాలి? మన ఇళ్ళల్లో వాడే ట్యూబులైట్ సరిపోదా? మట్టి ఏది? ఈ ఎండల్లోనే మొదలుపెట్టవచ్చా?

పచ్చిమిరప (బొబ్బిలి) జవాబు:

అక్కా, నేను మా మెట్ల కింద ఖాళీలో మిరప, పొట్టి టమాటా పెంచుతున్నాను. చేతి పని వరకు నేను చెబుతాను.

దీపం కొనేముందు ఫోనులో వెలుతురును లక్స్ లెక్కన కొలిచే యాప్ పెట్టుకోండి. ఉచితంగానే దొరుకుతుంది. అంకె అచ్చంగా సరిగ్గా ఉండదు కానీ అందాజు తెలుస్తుంది. ఫోను తెర పైకి ఉండేలా మొక్క చివర ఎక్కడుంటుందో అక్కడ పెట్టి చూడాలి. ఎర్రటి ఎండలో లక్ష లక్స్ దగ్గర చూపిస్తుంది. ట్యూబులైటు గదిలో రెండు మూడు వందలు. మన కంటికి రెండూ వెలుతురే, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. మొక్క సర్దుకోలేదు. ట్యూబులైటు కింద టమాటా మొలక సన్నగా, తెల్లగా, దారంలా సాగిపోయి వాలిపోయేది అందుకే.

మొలకలకు ఏడెనిమిది వేల లక్స్ చాలు. పూత, కాపు సమయానికి ఇరవై వేలు ఉండాలి. మీ రెండడుగుల చదరానికి నూరు వాట్ల తెల్లటి ఎల్‌ఈడీ సరిపోతుంది. ఊదా రంగు దీపాలు మొక్కలకు ప్రత్యేకమని అంటగడతారు, వాటి జోలికి వెళ్ళకండి. తెల్లటి దీపంలో అన్ని రంగులూ ఉన్నాయి. పైగా ఊదా వెలుగులో ఆకు పసుపెక్కిందో, పురుగు పట్టిందో మన కంటికి తెలియదు. మొక్కను బాగుచేసుకోవాలంటే ముందు దాన్ని చూడగలగాలి కదా. గోడలకు సున్నం తెల్లగా ఉంటే వెలుతురు తిరిగి మొక్క మీదకే పడుతుంది. దీపం చేత్తో ఆన్, ఆఫ్ చేయకండి, ప్లగ్గుకు పెట్టే టైమర్ కొనండి.

బిల్లు సంగతి. నూరు వాట్లు పదహారు గంటలు వెలిగితే రోజుకు ఒకటిన్నర యూనిట్ల పైన, నెలకు నలభై ఎనిమిది యూనిట్లు. మీ ఇంటి వాడకం ఏ స్లాబులో ఉందో పాత బిల్లు తీసి చూడండి. ఈ నలభై ఎనిమిదితో పై స్లాబులోకి వెళితే పెరిగిన యూనిట్లకు ఆ పై ధర పడుతుంది. నాన్నగారికి ముందే చెప్పేయడం మంచిది. మొక్క చిన్నగా ఉన్న మొదటి మూడు వారాలు తక్కువ వాట్ల దీపంతో గడపవచ్చు, అంత మేరకు కలిసివస్తుంది.

మట్టికి బదులు కొబ్బరి పొట్టు వాడండి. ఉద్దానం మీకు దగ్గరే, కొబ్బరి పీచు తీసే చోట పొట్టు దొరుకుతుంది. కానీ దాంట్లో ఉప్పు ఉంటుంది. నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచి నీళ్ళతో కడగాలి. ఇది మానేస్తే ఆకుల అంచులు మాడతాయి. కడిగిన పొట్టుకు మూడో వంతు వానపాముల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. మైక్రోటామ్‌కు రెండు లీటర్ల కుండీ చాలు. కింద రంధ్రాలు, రంధ్రాల కింద పళ్ళెం.

మీ అన్నయ్య మొక్కకు, టమాటాకు ఒక తేడా ఉంది. ఆటోఫ్లవర్‌ను కుండీ మార్చరని విన్నాను. పూతకు వచ్చే రోజు దగ్గరలోనే ఉంటుంది కాబట్టి, వేరు దెబ్బతింటే కోలుకునే సమయం దానికి ఉండదు. టమాటాకు ఆ భయం లేదు. చిన్న కప్పులో మొలకెత్తించి, నాలుగు ఆకులు వచ్చాక కాండం సగం లోపలికి పోయేలా లోతుగా నాటండి. పూడిన కాండం నుంచి కూడా వేళ్ళు వస్తాయి.

నీళ్ళు పోసే చేతిని అదుపులో పెట్టుకోవాలి. గాలి ఆడని గదిలో తడి ఆరదు. పొట్టు ఎప్పుడూ తడిగా ఉంటే నల్లటి సన్నటి ఈగలు ముసురుతాయి, వాటి పిల్లలు వేళ్ళు తింటాయి. మీ గదిలో బియ్యం, పచ్చళ్ళు ఉన్నాయి కాబట్టి ఆ ఈగలు అస్సలు రానివ్వకూడదు. కుండీ చేత్తో ఎత్తి చూడండి. తేలికైతేనే నీళ్ళు, బరువుగా ఉంటే వద్దు. పసుపు రంగు జిగురు అట్ట ఒకటి పక్కన గుచ్చండి. చిన్న ఫ్యాను తప్పనిసరి, ఆకులు కదిలేంత గాలి చాలు. గాలికి ఊగితేనే కాండం లావెక్కుతుంది.

తిండి విషయంలో, మొదటి మూడు వారాలు వానపాముల ఎరువే చాలు. తరువాత వారానికోసారి లీటరు నీటికి ఒక గ్రాము 19-19-19 అనే నీళ్ళలో కరిగే ఎరువు కలిపి పోయండి. పూత వచ్చాక కాల్షియం నైట్రేటు కూడా లీటరుకు ఒక గ్రాము, కానీ వేరే రోజున. రెండూ ఒకే నీళ్ళలో కలిపితే అడుగున తెల్లగా పేరుకుపోయి ఎవరికీ అందవు. కాయ అడుగున నల్లటి మచ్చ పడితే అది తెగులు కాదు, కాల్షియం కాయ దాకా చేరలేదన్నమాట. ఒకరోజు ఎండగట్టి, మరుసటి రోజు ముంచెత్తే నీళ్ళ వల్లే ఎక్కువగా వస్తుంది.

పూలు వచ్చాక మీరే తేనెటీగ కావాలి. మీ గదిలోకి గాలి రాదు, ఈగ రాదు. టమాటా పువ్వులోనే పుప్పొడి, అండాశయం రెండూ ఉంటాయి, కానీ పుప్పొడి రాలాలంటే కదలిక కావాలి. దీపం వెలిగిన రెండు మూడు గంటల తరువాత పూల కాడ వెనక వేలితో మెల్లగా టపటపా తట్టండి. రోజూ చేయాలి, పువ్వు తెరిచి ఉండేది రెండు మూడు రోజులే. నాకు అన్నింటికంటే ఇష్టమైన పని ఇదే.

మొదలుపెట్టే నెల ముఖ్యం. ఇప్పుడు వద్దు. రాత్రి వేడి ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పూలు రాలిపోతాయి. వేసవిలో మన తీరంలో రాత్రులు అంతకంటే వేడి, పైగా దీపం వేడి, మూసిన గది. అక్టోబరు మొదట్లో విత్తు వేయండి. నవంబరులో పూత, సంక్రాంతి లోపే పళ్ళు.

నాగావళి గట్టు:

చెల్లీ, ఇది అచ్చు తీసి సామాన్ల గది తలుపుకు అంటిస్తాను. ఒక్క అనుమానం మిగిలింది. అక్టోబరు అంటే తుఫాన్ల నెల. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు మా పిన్ని వాళ్ళ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. మధ్యలో అలా అయితే మొక్క లెక్క తప్పి పూత మానేస్తుందా?

గోగుపువ్వు:

మానదు. చామంతి అయితే వేళాపాళా చెడేది. టమాటా లోపలి లెక్క ఆకులతో ముడిపడి ఉంది, రాత్రులతో కాదు. ఇన్ని ఆకులు వేశాక పూత వేయాలని దానికి ఉంటుంది. చీకట్లో ఆకులు వేయడం నెమ్మదిస్తుంది కాబట్టి పూత కొన్ని రోజులు వెనక్కి జరుగుతుంది, అంతే. కరెంటు లేని రోజుల్లో కుండీని వాకిట్లోకి, గాలివాన తగలని చోటికి తెచ్చిపెట్టండి. మబ్బు పట్టిన పగలు కూడా మీ ట్యూబులైటు కంటే ఎన్నో రెట్లు వెలుతురు. ఆ రోజుల్లో ఎరువు వేయవద్దు, నీళ్ళు సగానికి తగ్గించండి.

కరెంటు వచ్చాక టైమర్ గంట సరిచూడటం మరచిపోకండి. మామూలు తిప్పుడు టైమర్లు కరెంటు పోయినంత సేపూ ఆగిపోతాయి. చామంతి పెట్టే ఏడాదికి లోపల బ్యాటరీ ఉన్నది కొనుక్కోండి.